ఘటమును పటమును – కుమ్మరి యింట చిత్రశాల



సాంవత్సరిక మహాసభా సంచికకు చరిత్ర విషయమున నొక వ్యాసము వ్రాయుడని పెద్దలు మమ్ము కోరిరి. మన సంచికలలో చరిత్ర మనగానే శాలివాహన చక్రవర్తి కథతో నారంభించుట పరిపాటి. ప్రతిష్ఠానపురమున కుమ్మరి యింట పెరిగిన బాలుడు మట్టితో ఏనుగులను, గుఱ్ఱములను, భటులను జేసి, వానికి ప్రాణము పోసి శత్రువును జయించెనని కథ. క్రీస్తు శకము 78తో మొదలగు శకము నేటికిని నాతని పేరనే మన పంచాంగములలో నడచుచున్నది. కథ మనోహరమైనదే, అయినను కథను చరిత్రముగా నెంచి తృప్తి పడుట విద్యావంతులకు తగదు. మన పూర్వులు రాజులైరో కారో యను చర్చకంటె, వారు చేతులతో చేసిన దేమి, లోకమునకు చూపిన దేమి, అందు మనము నిలుపుకొనవలసిన దేమి యను చర్చ మనకు మేలు.

కావున నీ వ్యాసమున మేము ప్రతిపాదింపబూనిన విషయ మిది. పల్లెయందలి కుండల పనివాడు తన సారెకును ఆవమునకును ప్రక్కనే యొక గది యేర్పఱచి, తన సీమలోని కొండలను, ఏళ్లను, చెఱువులను నేటి చిత్రకారులు వ్రాసిన ప్రకృతిదృశ్య చిత్రములను అందు ప్రదర్శించుట వింత పని గాదు. మన వృత్తి చరిత్రమునకు మిక్కిలి యనుగుణమైన పని. అట్టి శాల యొకటి ఖమ్మము మెట్టలకును భద్రాచలపు టడవులకును నడుమ నున్న మన గ్రామములలో వెలయవలెనని మా యాకాంక్ష. ఇందులకు గల పూర్వాధారములను, ఇతర సీమల యనుభవమును, మనలో పుట్టగల యాక్షేపములను వరుసగా విన్నవింతుము.

ఘటపటముల మైత్రి

తర్కశాస్త్రము చదివినవారికి ఘటము, పటము అను రెండు మాటలును కవల పిల్లలవంటివి. ఏ కారణమును చెప్పవలసి వచ్చినను నైయాయికుడు ముందుగా కుండను, తరువాత వస్త్రమును చూపును. కుండకు మట్టి సమవాయికారణము, కుమ్మరి నిమిత్తకారణము, సారెయు, దానిని త్రిప్పు కట్టెయు సహాయములు. మేము ఉపాధ్యాయత్వము నెఱపిన దినములలో బాలురు ఈ పాఠము వచ్చినప్పుడెల్ల నవ్వుచుండెడివారు. ఇంత పెద్ద శాస్త్రమునకు కుండ తప్ప వేఱు వస్తువు దొరకలేదా యని వారి ప్రశ్న. ఉపనిషత్తులోను గురువు శిష్యునకు బ్రహ్మమును బోధింప మట్టిముద్దనే చూపెను. శాస్త్రకారులు కుండను ఎన్నుకొనుట అది యల్పమగుటచే గాదు. ప్రతివాని యింటను ఉండి, ప్రతివాని కన్నుల యెదుట పుట్టుచుండుటచేత.

పటమనగా సంస్కృతమున వస్త్రము. పూర్వులు వస్త్రముమీద చిత్రములు వ్రాయుచుండుటచే తెలుగున పటమనగా చిత్తరువు అను నర్థము స్థిరపడినది. కావున ఘటపటములను ఒకచో నుంచుట శాస్త్రజ్ఞులకు క్రొత్త గాదు. మేము కోరునది యా రెంటిని పుస్తకమునుండి వాకిటికి తెచ్చుటయే.

కుమ్మరి చిత్రకారుడే

రంగు వ్రాత మన వృత్తికి పరాయిది యను భ్రమ మనలో కొందఱ కున్నది. త్రవ్వకములు ఆ భ్రమను పోగొట్టుచున్నవి. కర్నూలు సీమయందలి పాతపాడు అను గ్రామము పేర పురావస్తు శాస్త్రజ్ఞులు ఒక విధమైన ప్రాచీన చిత్రిత మృత్పాత్రలను వ్యవహరింతురు. ఇనుము వాడుకలోనికి రాకపూర్వమే యెఱ్ఱని పాత్రలపై గీతలతో అల్లికలు వ్రాసిన చేతు లవి. ఆ తరువాతి కాలపు పెద్దరాతి సమాధులు మన సీమలో విస్తారముగా నున్నవి. పినపాక ప్రాంతమున జానంపేట యొద్ద నున్నవి యట్టివే. జనులు వీనిని రాకాసి గుళ్లందురు. దక్షిణాపథమున ఇట్టి సమాధులలో దొరకు పాత్రలు లోపలను మూతియొద్దను నలుపు, వెలుపల ఎఱుపు. పాత్రను బోర్లించి కాల్చినచో గాలి తగులని భాగము నల్లబడును. గాలి తగిలిన భాగము ఎఱ్ఱబడును. ఒక్క మట్టితో, ఒక్క మంటతో, రంగు పూయకయే రెండు వన్నెలు తెచ్చిన యా కుమ్మరి శిల్పి గాడని యెవ్వరనగలరు? నేలకొండపల్లి యొద్ద బౌద్ధ స్తూపమును, విహారములను వెలికి తీసిన త్రవ్వకములలోను మట్టిబొమ్మలు, మృత్పాత్రలు లభించినవి. భక్త రామదాసుగా ప్రసిద్ధి కెక్కిన కంచెర్ల గోపన్న జన్మస్థాన మనియే యెఱిగిన యా గ్రామమును మనవారు మన చేతిపని యునికిపట్టుగా కూడ తలంపవలెను. రాజులు శాసనములు చెక్కించిరి. మన పూర్వులకు శాసనములు లేవు, పెంకులే కలవు.

ఇక జీవించి యున్న సాక్ష్యమును చూతము. పెండ్లిండ్లలో అయిరేని కుండలు, అరివేణి యనియు ననెదరు, తెలుగువారికి తెలియనివి కావు. సున్నపు తెలుపుమీద జేగురు ఎఱుపును, పసుపు వన్నెయును చేర్చి గీతలు, చుక్కలు, తీగెలు దీర్చిన కుండ లవి. వానిని కొనుటకు సంతకు పోరు. పెండ్లివారే ముత్తైదువలతో, వాద్యములతో కుమ్మరి యింటికి వచ్చి, కుండలకు పూజ జేసి, కట్నము చెల్లించి, తలపై నిడుకొని పోవుదురు. తక్కిన దినములలో కుమ్మరి తన కుండలను మోసికొని ఊరికి పోవును. ఆ యొక్క దినమున ఊరే కుమ్మరి వాకిటికి వచ్చును. వాకిట వరుసగా నమర్చిన చిత్రిత ఘటములను నిలువబడి చూచును, మెచ్చుకొనును, గౌరవించి కొనిపోవును. ప్రదర్శన మను పదమునకు ఇంతకంటె వేఱు అర్థ మేమి? ఆ వన్నెలు దీర్చు చేయి తఱచుగా ఆ యింటి స్త్రీలదే యనునది మఱువరాదు. సారె యొద్ద కూర్చుండనీయని యాచారమే వారిని చిత్రకర్మమున నేర్పరులను జేసినది.

ఈ మర్యాద నేడు సన్నగిల్లుచున్నది. పట్టణములలో అంగడి రంగులు పూసిన కుండలు దుకాణమున దొరకుచున్నవి. వాకిటికి వచ్చెడి ఊరు రాకపోయినచో పోవునది కుండల వెల మాత్రమే గాదు. చూచెడి కన్నుల యాదరము.

భవభూతి చూపిన చిత్రశాల

ప్రకృతిదృశ్య చిత్రములు పాశ్చాత్యుల వలన వచ్చినవని మఱియొక భ్రమ. కాళిదాసు నాటకమున దుష్యంతుడు శకుంతల చిత్రమును వ్రాసి, అది సమగ్రము గాదని తలంచి, మాలినీ నదిని, ఇసుక తిన్నెలపై హంసలను, హిమాలయ పాదములను, నారచీరలు వ్రేలాడు చెట్టును, లేళ్లను ఇంకను వ్రాయవలసి యున్నదని చెప్పును. మనుష్యుని రూపము ఆతడు మెలగిన నేలతో గూడినగాని పూర్ణము గాదని యా కవి హృదయము.

అంతకంటె మనకు సన్నిహితమైన నిదర్శనము ఎనిమిదవ శతాబ్దివాడగు భవభూతి ఉత్తరరామచరితమున గలదు. ఆ నాటకపు మొదటి యంకమునకు చిత్రదర్శన మనియే పేరు. అర్జునుడను చిత్రకారుడు తమ కథను వ్రాసి యున్నాడని లక్ష్మణుడు తెలుపగా, సీతారాములు ఆతనితో గూడి ఆ చిత్రములను చూతురు. అందు గంగాతీరమున్నది, విరాధుడు చచ్చిన యడవి యున్నది, జనస్థానమున్నది, ప్రస్రవణ గిరియు దానిని చుట్టి పాఱు గోదావరియు నున్నవి. రాజభవనమున నుండియే వారు తమ పర్ణశాల దినములను మరల జీవింతురు. చిత్రములను చూచిన ఫలముగా సీతకు అడవులను, గంగను మరల చూడవలెనను కోరిక పుట్టును. ఆ కోరిక నాటక గమనమునే మార్చును.

పంచవటి తమదని నాసిక నగరమువారందురు. భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున దుమ్ముగూడెము సీమలో నున్న పర్ణశాలయే యా స్థలమని మనవా రందురు. ఆ వివాదము మాకు నిచట ననవసరము. గోదావరీ తీరారణ్యమును చిత్రములందు చూచి, గడచిన జీవితమును స్మరించుట యను దృశ్యము మన సాహిత్యమున పన్నెండు శతాబ్దులకు పూర్వమే కలదనుట చాలును. ఆ రామకథనే తెలుగు పద్యములలో చెప్పిన మొల్ల కుమ్మరి యింటి యాడుబిడ్డ యని లోకప్రసిద్ధి. మనవారికి ఈ నేలమీద ఈ కథమీద హక్కు లేదని యెవ్వరును అనజాలరు.

గోదావరిని వ్రాసినవారు

సమీప కాలమునకు వచ్చెదము. 1909 మొదలు 1919 వఱకు రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే యను ఆంగ్లేయుడు అధ్యక్షుడుగా నుండెను. ఆతడు స్వయముగా నీటిరంగుల చిత్రకారుడు. ఆతని యాదరమున వికసించినవారు దామెర్ల రామారావు, అడివి బాపిరాజు. 1897లో జన్మించిన రామారావు బొంబాయిలోని కళాశాలలో శిక్షణ పొంది, తిరిగి వచ్చి, గోదావరి యొడ్డున నిలిచి, 1925లో ఇరువది యెనిమిదవ యేటనే మసూచిచే మరణించెను. ఆతడు పురాణ విషయములతో పాటు ప్రకృతి దృశ్యములను గూడ వ్రాసెను. ఆతని పేర రాజమహేంద్రవరమున చిత్రశాల వెలసినది. మిత్రులును శిష్యులును అకాలమున పోయినవాని చిత్రములను చెదరనీయక కాపాడుటచేతనే నేడు మన మాతనిని గూర్చి మాటలాడ గలుగుచున్నాము. కాపాడు గది లేనిచో చిత్రకారుడు రెండుసార్లు మరణించును.

తెలంగాణమున 1940లో మెదకు సీమయందలి నిజాంపురమున పుట్టిన లక్ష్మాగౌడు చిత్రకారుడుగా పేరొంది, 2016లో పద్మశ్రీ పురస్కారమును పొందెను. పల్లె జనులను, మేకలను, చెట్లను, గుట్టలను వ్రాసిన యీతడు ఆ రూపములనే మట్టిలో మలచి కాల్పించెను. చిత్రకారుడు మట్టి యొద్దకు వచ్చుటకు సిగ్గుపడలేదు. మట్టి పనివాడు చిత్రము నొద్దకు పోవుటకు సిగ్గుపడనేల?

ఇతర సీమల యనుభవము

ఇంగ్లండు దేశపు నైఋతి కొనయందు సెయింట్ ఐవ్స్ అను చేపలవారి యూరు కలదు. 1920లో బెర్నార్డ్ లీచ్ అను నాతడు జపానుదేశీయుడగు హమాదా షోజీతో గూడి యచట కుండల పనిశాలను స్థాపించెను. ఫ్రాన్సిస్ హార్న్ అను పోషకురాలు ఆహ్వానించి ధనసహాయము చేసినందుననే యది సాధ్యమైనది. తరువాత ఆ పనిశాల కష్టములలో నున్నప్పుడు ఆదుకొన్నవారిలో లియొనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ ఒకడు. ఈతడే 1922లో రవీంద్రనాథ ఠాగూరు గ్రామ పునరుద్ధరణమునకై నెలకొల్పిన శ్రీనికేతనమునకు మొదటి నిర్వాహకుడు. పోషక మహాశయులు ఈ సంగతిని గమనింప ప్రార్థితులు.

ఆ యూరిలోనే ఆల్ఫ్రెడ్ వాలిస్ అను ముదుసలి యుండెను. సముద్రముమీద పనిచేసి, తరువాత పాత ఇనుము మొదలగు సామగ్రి అమ్ముకొని జీవించినవాడు. భార్య పోయిన పిమ్మట ఒంటరితనమును మఱచుటకై అట్టముక్కలపై ఓడలకు పూయు రంగులతో సముద్రమును, రేవును, దీపస్తంభమును వ్రాయ మొదలిడెను. 1928లో ఇద్దఱు యువ చిత్రకారులు ఆతనిని గుర్తించిరి. అయినను ఆతడు 1942లో దరిద్రుల యాశ్రమమున చనిపోయెను. ఆతని సమాధిపై పఱచుటకు మట్టిపలకలను చేసి, వానిపై దీపస్తంభమును, దాని ద్వారమున ప్రవేశించుచున్న చిన్న ముదుసలిని చిత్రించినవాడు కుమ్మరియగు బెర్నార్డ్ లీచే. తన యూరి సముద్రమును వ్రాసిన బీద చిత్రకారునకు ఆ యూరి కుమ్మరి చేసిన ఋణవిముక్తి యది. ఆ పనిశాల 2008లో జీర్ణోద్ధారము పొంది, ప్రదర్శనశాలతో గూడి మరల తెఱువబడినది.

జపానులో హమాదా స్థిరపడిన మషికో గ్రామమున వంటకుండలును టీ కూజాలును చేయుట పూర్వమునుండి గల వృత్తి. అచట మినగావా మసు అను స్త్రీ బాల్యము మొదలు వార్ధక్యము వఱకు టీ కూజాలపై కొండ, నీరు, చెట్టు గల చిన్న దృశ్యమును దినమునకు వందల కొలదిగ వ్రాసెను. ఆమె ఏ కళాశాలలోను చదువలేదు. అయిరేని కుండలకు వన్నె దీర్చు మన తల్లులకు ఆమె సోదరి. హమాదా చేతిపనుల ప్రదర్శనశాల 1977లో ఆ గ్రామముననే తెఱువబడినది.

మన దేశముననే కాంగ్రా లోయలో, ధవళధార పర్వతముల క్రింద, అంద్రెట్టా యను పల్లె కలదు. ఐర్లండు దేశీయురాలగు నటి నోరా రిచర్డ్స్ అచట నివసించి నాటక కళను పెంపొందించెను. 1947 తరువాత చిత్రకారుడు శోభాసింగు అచట స్థిరపడెను. జపానులో శిక్షణ పొంది ఢిల్లీలో 1952లో నీలి మృత్పాత్రల పనిశాలను పెట్టిన సర్దార్ గురుచరణసింగు కుటుంబమువారు 1983లో ఈ పల్లెలో కుండల పనిశాలను నెలకొల్పిరి. చిత్రములు చూడ వచ్చినవారు కుండలను, కుండలకై వచ్చినవారు చిత్రములను చూచి పోవుచుందురు. నగరమునకు దూరమగుట లోపము గాదు, ఆకర్షణమే యని దీనివలన తెలియుచున్నది.

మన సీమకు ఇది యేల యావశ్యకము

ఇంతవఱకు చెప్పినది అందముకొఱకు మాత్రమే యైనచో ఈ సంచికలో నింత చోటు మేము కోరియుండము. మన సీమ రూపమే మాఱిపోవుచున్నది. భద్రాచల ప్రాంతము 1860లో నిజాము పాలననుండి ఆంగ్లేయుల పాలనకు పోయి, మధ్యపరగణాలలో నుండి, 1874లో మద్రాసు రాజధానియందలి గోదావరి జిల్లాలో చేరినది. 1953లో వరంగల్లునుండి విడివడి యేర్పడిన ఖమ్మము జిల్లాలో 1959లో కలిసినది. 2014లో పోలవరము జలాశయపు ముంపు కారణముగా కూనవరము, వరరామచంద్రాపురము, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మొదలగు మండలములు భద్రాచల పట్టణమునుండి విడిపోయి ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా యేర్పడినది. నూటయేబది సంవత్సరములలో నిన్ని యెల్లలు మాఱినను బంకమట్టికి ఎల్లలు తెలియవు. ఒడ్డున నిలిచి సారె త్రిప్పినవాని పేరు ఈ దస్త్రములలో నెచటను కానరాదు.

గోదావరియు నూరకుండదు. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద నీరు 75.6 అడుగుల యెత్తునకు వచ్చినది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చినది. మూడవ ప్రమాద సూచిక 53 అడుగులకే యెగురవేయబడునని తలంచినచో ఆ నీటి ప్రమాణము తెలియును. వరద వచ్చినప్పుడెల్ల ఒడ్డు రూపు మాఱును. ఎండబెట్టిన పచ్చి కుండలు మరల మట్టి యగును. వరద నీరు దిగిపోవును. జలాశయపు నీరు దిగదు. వేలేరుపాడు సీమ రుద్రమకోట యొద్ద నున్న పెద్దరాతి సమాధులును ముంపు ప్రాంతమునకే చేరినవి. మూడువేల యేండ్ల నాటి కుమ్మరి చేతిపనికిని, నేటి కుమ్మరి చెఱువునకును గతి యొక్కటే యగుచున్నది.

నిర్వాసితుడగు రైతునకు భూమికి భూమి యందురు, ఇంటికి ఇల్లందురు. కుమ్మరి మట్టికి బదులేమి? మనలో పనివారికి ఇది విప్పి చెప్ప నక్కఱలేదు. ఒక చెఱువు మట్టికి ఎంత యిసుక కలుపవలెనో, నీడలో నెన్ని దినము లాఱవలెనో, ఎంత మంటకు పగులునో తాతనుండి తండ్రికి, తండ్రినుండి కొడుకునకు వచ్చిన విద్య. క్రొత్త కాలనీలో పక్కా యిల్లు లభింపవచ్చును. ఆ మట్టి వెంట రాదు. ఆ మట్టి యుండిన చెఱువు గట్టును, గట్టుమీది చింతను, వెనుకటి కొండను ఒక చిత్రకారుడు వ్రాసి యుంచినచో మనుమనికి చూపుటకు ఒకటి మిగులును. భవభూతి సీతకు చూపించిన చిత్రములు చేసిన పని యిదియే.

ఆక్షేపములకు సమాధానము

సంఘ ధనమును విద్యార్థి వసతిగృహమునకు వినియోగింపక పటములు వ్రేలాడదీయుటకా యని పెద్ద లడుగుదురు. న్యాయమైన ప్రశ్న. బాలుర చదువు ముందు. అందు మాకు సందేహము లేదు. ఒక పిల్లవాని పుస్తకములను తగ్గించి ఒక చిత్రమును కొనుడని మేము చెప్పుట లేదు. మే మడుగునది భవనము గాదు. ఉన్న పనిశాలలో నొక గది. సున్నము కొట్టిన గోడలు, ఉత్తరపు వెలుతురు, చెమ్మ యెక్కని నేల, ఆవపు పొగ తగులని దూరము చాలును.

పటములు చూచి పోవువాడు కుండ కొనునా యని మఱియొక యాక్షేపము. అందఱును కొనరు. కాని మన వృత్తి చరిత్రమున ఇటీవలి పాఠము నాలోచింపుడు. అల్యూమినియము, స్టీలు, ప్లాస్టిక్, ఫ్రిజ్ వచ్చి కుండను వంటింటినుండి వెడలగొట్టినవి. 2004లో రైల్వే మంత్రి మట్టి ముంతలలో టీ యమ్మవలెనని యేర్పాటు చేసెను. ఆ మాట యంతటను నిలువలేదు. 2018 మొదలు ఖాదీ గ్రామోద్యోగ సంఘము విద్యుత్తుతో తిరుగు సారెలను పంచుచున్నది, మంచిదే. అయినను సారె వేగము చాలకపోవుట మన కొఱత గాదు. కుండను చేత బట్టుకొని, త్రిప్పి చూచి, దీని వెల న్యాయమే యని తలంచు మనుష్యుడు కొఱత. అట్టివాడు నడిబజారులో తయారు కాడు. నిలిచి చూచు నలవాటు గల చోట తయారగును. ప్రకృతి చిత్రము మనుష్యుని నిలువబెట్టును. నిలిచిన మనుష్యుడు ప్రక్కనున్న కూజాను చూచును.

మూడవది, మాకే తోచిన శంక. చిత్రముల నడుమ నుంచినచో కుండ గూడ అలంకార వస్తువై, వంటకు పనికిరాని బొమ్మ యగునేమో. ఈ భయము నిజమైనది. కావున శాల ద్వారమున మొదట కనబడవలసినది అటికయు, దుత్తయు, మూకుడును, నీళ్ల కుండయు. పూలకుండీలు వెనుక నుండవచ్చును. అన్నము వండని కుమ్మరి పని అక్షరములు లేని పలకవంటిది.

ఏర్పాటు స్వరూపము

మా సూచన సుళువైనది. ఖమ్మమునుండి గాని, కొత్తగూడెమునుండి గాని భద్రాద్రికి పోవు మార్గమున, పని నడచుచున్న కుమ్మరి గ్రామ మొకటి యెన్నుకొనవలెను. ముక్కోటి యేకాదశికిని శ్రీరామనవమికిని వచ్చు యాత్రికులు ఆ దారినే పోవుదురు. వానకాలమున ఆవము తడిసి పని మందగించును. అప్పుడు శాలయందలి చిత్రములే యింటికి నాలుగు రూపాయలు తేవలెను. ఉన్నత పాఠశాలల చిత్రలేఖనపు పంతుళ్లను, హైదరాబాదు చిత్రకారులను, మన యింటి యాడుబిడ్డలను పిలిచి, ఈ సీమనే వ్రాయుడని కోరవలెను. కిన్నెరసాని, పాపికొండలు, పర్ణశాల రేవు, ఎండిన చెఱువు గర్భము, ఏది యైనను సరే; క్రింద ఊరి పేరును, సంవత్సరమును తప్పక వ్రాయవలెను. అమ్ముడుపోయిన చిత్రపు వెలలో ఒక పాలు శాలకు రావలెను. ఏటేట ప్రతి చిత్రకారుడు ఒక చిత్రమును శాలకే యుంచి పోవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన దొకటి. ప్రతి చిత్రము క్రిందను, ఆ చిత్రములోని యూరి మట్టితో చేసి కాల్చిన పాత్ర నొకదాని నుంచవలెను. ఒక యూరి మట్టి యెఱ్ఱగా కాలును, ఒక యూరి మట్టి బూడిద వన్నె తేలును. చిత్రము ఆ నేల రూపమును చెప్పును. పాత్ర ఆ నేల సారమును చెప్పును. ముంపు గ్రామములనుండి ఇప్పుడే, నీరు రాకముందే, తట్టెడేసి మట్టి తెచ్చి ఈ పని చేయవలెను. శాల కట్టుట యొక యేడాది యాలస్యమైనను నష్టము లేదు. మట్టి తెచ్చుట యాలస్యమైనచో తరువాత సంకల్పించుటకు ఏమియు నుండదు. ఈ మహాసభయందు మా ప్రార్థనలలో మొదటిది యిదియే గనుక, పెద్దలు దీనిని వేఱుగా విచారింప గోరెదము.

వాద్యములతో ఊరు కుమ్మరి వాకిటికి వచ్చిన యాచారము పెండ్లికి మాత్రమే పరిమితమై, అదియును తఱిగిపోవుచున్న దినము లివి. ఊరిని మరల వాకిటికి పిలుచుటకు మనకు ఘటమున్నది. పటమును తోడు చేసికొనుట మన చేతిలో నున్నది. ఇందలి గుణదోషములను విజ్ఞులు విచారింతురు గాక.

శుభం భూయాత్.